బండి లాగట్లేదన్నా

కోదాడ హైవే మీద లారీ షెడ్డులోకి బండి తిప్పిన డ్రైవరు దిగీ దిగకముందే అనే మాట ఒకటుంది: "బండి లాగట్లేదన్నా."

అంతకు మించి అతను చెప్పేది తక్కువ. మేళ్లచెరువులో సిమెంటు లోడెత్తాడు. ఊరు దాటేదాకా బాగానే ఉంది. కోదాడ వచ్చేసరికి ఎంత తొక్కినా బండి ముందుకు రావడం లేదు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ముందడిగేది ఒకటే.

"తొక్కితే ఇంజను లేస్తోందా?"

"లేస్తోందన్నా, అరుస్తోంది. బండే పోవట్లేదు." ఈ జవాబొస్తే మేస్త్రి చూపు క్లచ్ మీదికి పోతుంది. "లేదన్నా, ఇంజనే లేవట్లేదు, పొగ మాత్రం నల్లగా కొడుతోంది" అంటే టర్బో వైపు మళ్లుతుంది. లాగకపోవడానికి కారణాలు ఇంకా చాలా ఉంటాయి. డీజిల్ ఫిల్టరు పూడిపోవచ్చు, బ్రేకు డ్రమ్ముకు పట్టేయొచ్చు, ఇంజెక్టరు పాడవచ్చు. కానీ పదేళ్లు దాటిన టర్బో బండిలో ముందు తేల్చుకోవాల్సినవి ఈ రెండే. డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి రెండూ ఒకేలా తెలుస్తాయి కాబట్టి పొరపాటు పడే అవకాశం కూడా ఇక్కడే ఎక్కువ. టర్బో మార్చాల్సిన చోట క్లచ్‌ప్లేటు, క్లచ్‌ప్లేటు మార్చాల్సిన చోట టర్బో మార్చి వేలకు వేలు పోసుకున్న ఓనర్లు ఈ ప్రాంతంలో ఏ టీ కొట్టు దగ్గరైనా కనిపిస్తారు.

మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరకు శివరాత్రి రోజుల్లో వెళ్లినవాళ్లు బండ లాగే ఎడ్ల పందేలు చూసే ఉంటారు. బండ కదలకపోతే అనుభవజ్ఞుడైన రైతు ఎడ్ల మొహాలు చూడడు, కాళ్లు చూస్తాడు. గిట్టలు నేల మీద జారుతున్నాయంటే సత్తువ ఉంది, పట్టు లేదు. గిట్టలు నిలిచి ఉండి కూడా బండ కదలలేదంటే పట్టు ఉంది, సత్తువ లేదు. మేస్త్రి అడిగిన ప్రశ్న సరిగ్గా ఇదే. పట్టు క్లచ్‌ది, సత్తువలో పెద్ద వాటా టర్బోది.

ముందు పట్టు సంగతి చూద్దాం. ఇంజను వెనక ఫ్లైవీల్, దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు, ఆ రెండింటి మధ్య గేర్‌బాక్సు షాఫ్టు మీద కూర్చున్న క్లచ్‌ప్లేటు. మధ్యనున్న ప్లేటును రెండువైపుల నుంచీ స్ప్రింగు బలంతో నొక్కి పట్టి ఉంచడమే క్లచ్. పళ్లు లేవు, బోల్టులు లేవు, ఒట్టి ఘర్షణ. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్లి ఆ స్ప్రింగును వెనక్కి వంచుతుంది, ప్లేటు వదులవుతుంది.

ఈ పట్టు ఎంతో కాగితం మీద తేల్చుకోవచ్చు. లారీల్లో బాగా వాడుకలో ఉన్న 352 మిల్లీమీటర్ల ప్లేటు తీసుకుందాం. దాని ఫేసింగు సగటు వ్యాసార్ధం సుమారు 137 మిల్లీమీటర్లు. స్ప్రింగు నొక్కుడు 10,000 న్యూటన్లు, అంటే దాదాపు ఒక టన్ను బరువు అనుకుందాం. ఫేసింగు ఘర్షణ గుణకం 0.3. ముఖాలు రెండు. ఇవన్నీ గుణిస్తే సుమారు 820 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఆ క్లచ్ మోయగల గరిష్ఠ టార్క్ అది. 180 హార్స్‌పవర్ తరగతి లారీ ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్క్ 650 దరిదాపుల్లో ఉంటుంది. కొత్త క్లచ్‌కు నాలుగో వంతు మిగులు ఉంటుందన్నమాట. ఫేసింగు మీద కాస్త ఆయిల్ పడి గుణకం 0.22కు దిగిందనుకోండి, మోయగలిగేది 600. ఇంజను 650 ఇస్తోంది. ఆ 50 తేడాకు క్లచ్ జారుతుంది.

ఈ గుణకారంలో ఫేసింగు వైశాల్యం ఎక్కడా లేదని గమనించారా? ఫ్రాన్సులో అమోంటాన్ 1699లోనే ఘర్షణ నొక్కుడును బట్టి ఉంటుంది గానీ తాకే వైశాల్యాన్ని బట్టి కాదని చెప్పాడు. కూలుం ఆ తర్వాతి శతాబ్దం చివర్లో దాన్ని మరింత పకడ్బందీగా పరీక్షించాడు. మరి పెద్ద లారీకి పెద్ద ప్లేటు ఎందుకు? వ్యాసార్ధం పెరిగితే టార్క్ పెరుగుతుంది, అది సగం జవాబు. మిగతా సగం వేడి. జారినప్పుడు పుట్టే వేడి పరుచుకోవడానికి చోటు కావాలి. క్లచ్‌లను అరగదీసేదానికన్నా కాల్చేది ఎక్కువ, కనక ఈ వేడి లెక్క మీద కాస్త ఆగడం మంచిది.

మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి ఎందుకున్నాయో ఆ నేలను చూస్తే తెలుస్తుంది. కృష్ణకు ఇటూ అటూ పల్నాటి సున్నపురాయి పొరలు పరుచుకుని ఉన్నాయి. మేళ్లచెరువు, మట్టపల్లి, చింతలపాలెం, హుజూర్‌నగర్, రాష్ట్ర సరిహద్దు దాటితే జగ్గయ్యపేట వైపు, అంతా అదే రాయి, అదే పరిశ్రమ. ఫ్యాక్టరీ గేటు ముందు లోడింగు కోసం లారీలు వరసలో నిలుస్తాయి. ముందు బండి కదిలితే వెనక బండి నాలుగడుగులు జరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ జరుగుతుంది. లోడు ఎత్తాక కాటా దగ్గర, గేటు దగ్గర, ఊళ్లో స్పీడు బ్రేకర్ల దగ్గర మళ్లీ అదే కథ.

లోడుతో మొత్తం 25 టన్నులున్న పది టైర్ల లారీని మొదటి గేరులో గంటకు 7 కిలోమీటర్ల వేగానికి తెచ్చామనుకోండి. లారీకి వచ్చిన గతిశక్తి సుమారు 50 కిలోజౌళ్లు. ఇంజను ఒకే వేగంతో తిరుగుతుండగా క్లచ్ మెల్లగా వదిలితే, లారీకి ఎంత శక్తి చేరుతుందో దాదాపు అంతే శక్తి క్లచ్‌లో వేడిగా ఖర్చవుతుంది. ఇది డ్రైవరు చేతగానితనం వల్ల వచ్చే నష్టం కాదు, ఎంత బాగా తోలినా తప్పనిది. ఫ్లైవీల్ ముఖం, ప్రెషర్ ప్లేటు కలిపి వేడిని పీల్చుకునే ఇనుము 25 కిలోలనుకుంటే, ఒక్కసారి కదిలించినందుకు నాలుగైదు డిగ్రీలు వేడెక్కుతుంది. అదే బండిని రెండో గేరులో లేపితే? ఆ గేరులో వేగం దాదాపు 1.7 రెట్లు, శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వేడి దగ్గరదగ్గర మూడు రెట్లు. ఖాళీ బండి అలవాటుతో లోడు బండిని కూడా రెండో గేరులోనే లేపే డ్రైవరు ఒక్క ప్లేటు ఆయుష్షులో మూడు ప్లేట్ల వేడి పుట్టిస్తున్నాడు. ఇక ఎగుడు మీద బ్రేకు వేయకుండా హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టేవాడి సంగతి చెప్పనక్కర్లేదు. కదలకపోయినా వేడి ఆగదు.

2018లో కేంద్రం యాక్సిల్ లోడు పరిమితులు సవరించింది. మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. రవాణా ఖర్చు పరంగా చూస్తే లాభమే. క్లచ్ వైపు నుంచి చూస్తే ప్రతి కదలికకూ 14 శాతం ఎక్కువ వేడి.

క్లచ్ జారుతోందో లేదో కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. చదును రోడ్డు మీద, లోడుతో, టాప్ గేరులో, ఇంజను 1,400 – 1,500 తిరుగుళ్ల దగ్గరున్నప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కాలి. టర్బో ఇంజను తన గరిష్ఠ టార్క్ ఇచ్చేది దాదాపు అక్కడే. చిన్న గేర్లలో ఈ పరీక్ష పనికిరాదు, బండి తేలిగ్గా వేగం పుంజుకుంటుంది కాబట్టి క్లచ్ మీద పూర్తి భారం ఎక్కువసేపు పడదు. టాప్ గేరులో బండి బద్ధకంగా ఉంటుంది, ఇంజను టార్క్ మొత్తం ప్లేటు మీదే నిలుస్తుంది.

అప్పుడు చూడాల్సింది రెండు ముళ్లను. ఇంజను తిరుగుళ్లకు, బండి వేగానికి మధ్య నిష్పత్తి గేర్ల పళ్లు, టైరు చుట్టుకొలత కలిసి బిగించి పెట్టింది. టాప్ గేరు నేరుగా ఒకటికి ఒకటి, వెనక యాక్సిల్‌లో ఆరుకు ఒకటి, టైరు చుట్టుకొలత 3.2 మీటర్లు అనుకుంటే, 1,500 తిరుగుళ్ల దగ్గర చక్రం నిమిషానికి 250 సార్లు తిరిగి 800 మీటర్లు పోతుంది. గంటకు 48 కిలోమీటర్లు. ప్రతి 500 తిరుగుళ్లకు 16 కిలోమీటర్లు. మీ బండికి అంకెలు వేరే ఉంటాయి గానీ నిష్పత్తి మాత్రం మారదు. టర్బో సగం పాడైనా, డీజిల్ సగమే వస్తున్నా, ఇంజను ముక్కుతూ మూలుగుతూ పోతున్నా 48 దగ్గర 1,500 మాత్రమే చూపించాలి. 48 దగ్గర 1,800 చూపించిందంటే క్లచ్ జారుతోంది, ఇక వాదన లేదు. డ్యాష్‌బోర్డు మీటర్లు పని చేయని పాత బండిలో కూడా ఇది కష్టం కాదు. వేగం ఫోనులో చూసుకోవచ్చు, ఇంజను తిరుగుళ్లు చెవికి తెలుస్తాయి.

ఆ 300 తిరుగుళ్ల జారుడు ఎంత నష్టమో కూడా లెక్క కట్టొచ్చు. 500 న్యూటన్ మీటర్ల టార్క్ మోస్తూ ప్లేటు అంత జారితే 15 కిలోవాట్లకు పైగా వేడి. నాలుగు సెకన్లు గడవకముందే ఒకసారి బండి లేపినంత వేడి పుడుతుంది. అక్కణ్నుంచి వ్యవహారం తనంతట తాను ముదురుతుంది. వేడెక్కిన ఫేసింగు పట్టు కోల్పోతుంది, పట్టు పోతే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. మునగాల దగ్గర మొదలైన వాసన సూర్యాపేట చేరేసరికి బండిని రోడ్డు పక్కన నిలబెట్టేది ఇందుకే.

జారుతోందని తేలినంత మాత్రాన గేర్‌బాక్సు దించేయకూడదు. ముందు పెడల్ ఖాళీ చూడాలి. కాలు పెట్టగానే గట్టిదనం తగలకుండా కొంత దూరం వట్టిగా దిగాలి, బండిని బట్టి రెండు మూడు సెంటీమీటర్లు. రాడ్లతో పనిచేసే పాత క్లచ్‌లో ప్లేటు అరిగేకొద్దీ ఈ ఖాళీ తగ్గిపోతూ వస్తుంది. సున్నా అయితే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ కొంచెం నొక్కే ఉంటుంది, అంటే డ్రైవరు కాలు తీసినా పెడల్ మీద ఎవరో కాలు పెట్టి కూర్చున్నట్టే. నట్టు రెండు చుట్లు తిప్పితే పోయే జబ్బు అది. హైడ్రాలిక్ క్లచ్‌లో ఇదే పని మాస్టర్ సిలిండర్‌లోని చిన్న రంధ్రం చేస్తుంది. అది మురికితో పూడితే ఆయిల్ వెనక్కి రాదు, లోపల ఒత్తిడి మిగిలిపోతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగుండి మధ్యాహ్నం వేడెక్కాక జారే బండిలో దీన్ని తప్పకుండా అనుమానించాలి.

పెడల్ గట్టిపడటం ఇంకో ఆనవాలు. గిన్నెమూతలా వంగిన డయాఫ్రం స్ప్రింగు ప్రవర్తన మామూలు చుట్ల స్ప్రింగులా ఉండదు. ప్లేటు అరిగేకొద్దీ దాని నొక్కుడు మొదట పెరుగుతుంది, ఒక ఎత్తుకు చేరాక పడిపోతుంది. నొక్కుడు పెరిగితే పెడల్ బరువవుతుంది. "ఈ మధ్య పెడల్ బాగా గట్టిగా ఉందన్నా, గ్రీజు కొట్టు" అని డ్రైవరు అడిగాడంటే గ్రీజుతో పోని సంగతి అయ్యుండొచ్చు.

గేర్‌బాక్సు దించితే ఏం చూడాలి? రివెట్ల తలలు ఫేసింగు ముఖానికి సమానంగా వచ్చేశాయా అన్నది అందరూ చూస్తారు. దానికన్నా ఎక్కువ చెప్పేది ఫ్లైవీల్ ముఖం. అక్కడక్కడా నీలం మచ్చలుంటే ఆ చోట ఇనుము దాదాపు 300 డిగ్రీల వేడి చూసిందని అర్థం. సన్నని పగుళ్లు వెంట్రుకల్లా కనిపిస్తే లేత్ మీద ముఖం చెక్కించకుండా కొత్త ప్లేటు వేయడం దండగ. ఫేసింగు తడిగా ఉంటే ఆ తడి ఎక్కడిదో వేలితో చూసి చెప్పొచ్చు. పల్చగా నల్లగా ఉంటే ఇంజను వెనక సీలు నుంచి, చిక్కగా గంధకం వాసన కొడితే గేర్‌బాక్సు ముందు సీలు నుంచి. సీలు మార్చకుండా ప్లేటు మారిస్తే మూడు నెలలకు మళ్లీ అదే షెడ్డు. పాత ఫేసింగు పొడిని కంప్రెసర్ గాలితో ఊదే అలవాటు ఇప్పటికీ పోలేదు. పాత ఫేసింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడిగుడ్డతో తుడవాలి, అది ఖర్చు లేని పని.

క్లచ్ జారడం లేదని నిష్పత్తి చెప్పింది. అయినా బండి లాగడం లేదు. ఇప్పుడు టర్బో.

డీజిల్ కాల్చి పుట్టించిన శక్తిలో దాదాపు మూడో వంతు సైలెన్సరు గుండా ఆకాశంలోకి పోతుంది. ఆ పోయేదాంతో ఓ చిన్న చక్రం తిప్పించి, అదే షాఫ్టు రెండో కొసన ఉన్న చక్రంతో ఇంజనులోకి గాలి కుక్కించాలన్న ఆలోచనకు స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బుఖి 1905లో పేటెంటు తీసుకున్నాడు. అది పని చేసేలా చేయడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. లోహం తట్టుకోకపోవడమే పెద్ద అడ్డంకి. 1938లో స్విస్ కంపెనీ సారర్ లారీకి టర్బో పెట్టింది. స్పోర్ట్స్ కార్లకు అది ఆ తర్వాత పాతికేళ్లకు చేరింది. 1962లో అమెరికాలో షెవర్లే, ఓల్డ్స్‌మొబైల్, 1973లో బీఎండబ్ల్యూ 2002 టర్బో, ఆ మరుసటి ఏడు పోర్షే 911 టర్బో. స్పోర్ట్స్ కారు హోదాగా మనం చూసే టర్బో నిజానికి లారీ సొత్తు. మన దేశంలో 1993లో టాటా కమిన్స్ జంషెడ్‌పూర్‌లో మొదలయ్యాక, ఆపైన కాలుష్య నిబంధనలు బిగిసేకొద్దీ, టర్బో లేని లారీ కనపడటమే అరుదైంది.

లారీ టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష తిరుగుళ్ల వరకూ వెళ్తుంది. 80 మిల్లీమీటర్ల కంప్రెసర్ చక్రం అంచు ఆ వేగంలో సెకనుకు 400 మీటర్లు దాటి పోతుంది, అంటే ధ్వని కన్నా వేగంగా. ఒకవైపు 600 డిగ్రీల పొగ, అరచేయంత దూరంలో రెండోవైపు బయటి గాలి. మధ్యలో షాఫ్టును మోసేది బాల్ బేరింగు కాదు, సన్నని ఆయిల్ పొర. ఈ ఆయిల్ పొరే టర్బో ప్రాణం.

ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 9 శాతం పల్చగా ఉంటుంది, ఆక్సిజన్ కూడా అంతే తక్కువ. ఆ గాలిని టర్బో రెండింతల ఒత్తిడికి నొక్కితే అది 140 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. వేడి గాలి మళ్లీ పల్చనవుతుంది కాబట్టి ఇంటర్‌కూలర్ దాన్ని చల్లార్చి ఇంజనుకు పంపుతుంది. సిమెంటు దుమ్ము, పొట్టు, పురుగులు కలిసి ఇంటర్‌కూలర్ రెక్కలను పూడ్చేస్తే (మిర్యాలగూడ రైస్ మిల్లుల దగ్గర ఊక మోసే బండ్లలో ఇది మరీ ఎక్కువ), టర్బో ఆరోగ్యంగా ఉన్నా మే నెలలో బండి నీరసిస్తుంది. పొద్దున లాగి మధ్యాహ్నం లాగని బండిలో ముందు నీళ్ల పైపు పట్టుకోవాలి, స్పానరు తర్వాత.

దుమ్ముకు ఇంకో పని కూడా ఉంది. సున్నపురాయి మెత్తన, గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలతలో 3. కానీ రోడ్డు దుమ్ములో ఇసుక ఉంటుంది, అది 7. ధ్వనిని మించిన వేగంతో తిరిగే అల్యూమినియం రెక్కకు ఇసుక రేణువు తగిలితే అంచు గరుకవుతుంది, ఆపైన అరుగుతుంది. ఎయిర్ ఫిల్టరు చిరిగినా, దాని తర్వాత పైపు క్లిప్పు వదులైనా ఇదే జరుగుతుంది. చిరగకుండా పూడిపోతే జబ్బు మరో రకం. గాలి పీల్చుకోలేక టర్బో ముందు శూన్యం ఏర్పడుతుంది, ఆ శూన్యం సీలు దాటించి షాఫ్టు ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. నీలి పొగ మొదలవుతుంది, టర్బో పోయిందని తీర్పు వస్తుంది. టర్బోతో పోలిస్తే చవకైన ఫిల్టరు సంగతి ఎవరికీ గుర్తు రాదు.

పొగ రంగు చదవడం డ్రైవర్లకు బాగానే వచ్చు. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగ్గ గాలి లేదు. నీలి పొగ అంటే ఆయిల్ కాలుతోంది. అందరూ మరిచిపోయేది పొగ లేకపోవడం. పంపు మీద నడిచే పాత టర్బో ఇంజనులో గాలి ఒత్తిడిని ఇన్‌టేక్ నుంచి డీజిల్ పంపు నెత్తిన ఉన్న డయాఫ్రం దాకా తీసుకెళ్లే సన్న పైపు ఒకటుంటుంది. ఒత్తిడి వచ్చిందని తెలిస్తేనే పంపు అదనపు డీజిల్ వదులుతుంది. ఆ పైపు చిట్లితే టర్బో నిండుగా గాలి ఇస్తున్నా పంపుకు తెలియదు. బండి లాగదు, పొగ రాదు, పైకి అంతా సవ్యంగా ఉంటుంది. పెన్సిలు మందం పైపు పట్టించుకోకుండా టర్బో విప్పేస్తే మళ్లీ బిగించడం తప్ప దక్కేదేమీ ఉండదు.

తర్వాత హోసులు. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు, అక్కణ్నుంచి ఇంజనుకు పోయే రబ్బరు హోసులు ఏళ్ల వేడికి అడుగువైపు పగులుతాయి, పైనుంచి చూస్తే కనపడవు. సబ్బు నురగ రాసి తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కిస్తే బుడగలు తామే చూపిస్తాయి. షెడ్డులో బండి నిలబెట్టి యాక్సిలరేటరు తొక్కి టర్బో ఒత్తిడి చూడాలనుకోవడం వృథా. లోడు లేని ఇంజను తక్కువ డీజిల్ కాలుస్తుంది, పొగలో వేడి ఉండదు, టర్బోకు తిరిగే కారణమే ఉండదు.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే టర్బోలో చేయి పెట్టాలి, ఇంజను పూర్తిగా చల్లారాక. షాఫ్టు కొసను రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపితే కొద్దిగా ఊగుతుంది. కంగారు పడక్కర్లేదు, ఆయిల్ పొర నిండే చోటు అది, ఖాళీగా ఉన్నప్పుడు ఊగడం సహజం. ముందుకూ వెనక్కూ మాత్రం చేతికి తెలిసేంత కదలకూడదు. తిప్పినప్పుడు రెక్క గోడకు రాసుకోకూడదు, ఇంకు తుడిచినట్టు మెరిసే గీత ఉంటే ఎప్పుడో రాసుకుందనే అర్థం. హోసు లోపల సన్నని ఆయిల్ తడి ఉండొచ్చు, ఇంజను శ్వాస గొట్టం నుంచి వచ్చే ఆవిరి అది. చెంచాతో తీసేంత ఆయిల్ నిలిచిందంటే మాత్రం ఆలోచించాలి.

ఆలోచించేది కూడా టర్బో ఒక్కదాని గురించి కాదు. టర్బోలోకి ఆయిల్ ఇంజను ఒత్తిడితో వస్తుంది, బయటికి మాత్రం దాని బరువుతోనే కిందికి జారి చేంబరులోకి పోతుంది. పిస్టన్ రింగులు అరిగిన పాత ఇంజనులో చేంబరు నిండా పొగ ఒత్తిడి ఉంటుంది. ఆయిల్ నింపే మూత తీస్తే బుసబుసా వచ్చేది అదే. ఆ ఒత్తిడి ఆయిల్‌ను దిగనివ్వదు. దిగని ఆయిల్ సీలు దాటుతుంది. అప్పుడు కొత్త టర్బో వేసినా అది కూడా మర్నాడే కారుతుంది, షాపువాడు నకిలీ అంటగట్టాడని గొడవ మొదలవుతుంది. డ్రెయిన్ పైపు విప్పి లోపల గట్టిపడ్డ మసి ఉందేమో చూడటం, మూత తీసి బుస చూడటం, రెండూ కలిపి పావుగంట పని.

ఆ మసి ఎక్కడిది? ఎగుడెక్కి వచ్చి హోటలు ముందు ఆపగానే తాళం తిప్పేస్తే ఆయిల్ ప్రవాహం ఠక్కున ఆగుతుంది, టర్బైను వైపు వేడి మాత్రం షాఫ్టు వెంట బేరింగులోకి పాకుతుంది. అక్కడ నిలిచిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. రెండు మూడు నిమిషాలు ఇంజను నెమ్మదిగా తిరగనిస్తే ఆ వేడిని ఆయిలే తీసుకుపోతుంది. డీజిల్ మిగిలిందని సంబరపడే ఓనర్లకు ఈ రెండు నిమిషాల డీజిల్ ఎంతో చెప్పి ఒప్పించడం కష్టమే, టర్బో ధర చెప్పడం తేలిక.

ఇప్పుడు రెండు జబ్బులూ ఒకేసారి ఉన్న బండి దగ్గరికొద్దాం. పాత బండ్లలో అదే ఎక్కువ. పైన లెక్కలో 600 మాత్రమే మోయగలిగిన, ఆయిల్ పడ్డ క్లచ్, హోసు చిట్లి 450 మాత్రమే ఇస్తున్న ఇంజను ఒకే బండిలో ఉన్నాయనుకోండి. క్లచ్ జారదు, ఇంజనుకు దాన్ని జార్చేంత బలం లేదు. మేస్త్రి హోసు మార్చి ఇంజనును మళ్లీ 650కి తెస్తాడు. మొదటి ట్రిప్పులోనే క్లచ్ జారుతుంది. "టర్బో పని చేయించి క్లచ్ పోగొట్టాడు" అని ఓనరు తిరిగొస్తాడు. నిజానికి నీరసించిన టర్బో ఇన్నాళ్లూ బలహీనమైన క్లచ్‌ను కాపాడింది. టర్బో కార్లలో ఇంజను కంప్యూటరును తిరగరాసి హార్స్‌పవర్ పెంచుకునే కుర్రాళ్లకు ఎదురయ్యేది ఇదే. 2004లో మన మార్కెట్‌లోకి వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ లాంటి కారును హైదరాబాదులో ఇప్పటికీ ముద్దుగా చూసుకునేవాళ్లున్నారు. అలాంటి కారులో టర్బో ఒత్తిడి పెంచిన రోజునే టాప్ గేరులో ముల్లు ఎగిరితే తిరగరాసిన ప్రోగ్రాముది తప్పని వాదించడం దండగ, ఇరవై ఏళ్ల క్లచ్ ఆ టార్క్ కోసం పుట్టలేదు.

తిరగేసి చూస్తే మరో ఇబ్బంది. క్లచ్ జారుతున్నప్పుడు ఇంజను మీద పూర్తి లోడు పడదు, లోడు పడకపోతే టర్బో ఒత్తిడి పెరగదు, ఒత్తిడి మీటరు తక్కువ చూపిస్తుంది. ఆ కొలత చూసి టర్బో మారిస్తే డబ్బు బూడిదలో పోసినట్టే. అందుకే వరస ముఖ్యం. ముందు నిష్పత్తి చూసి క్లచ్ సంగతి తేల్చాలి. క్లచ్ పట్టు నిలిచిందని తెలిశాకే టర్బో ఒత్తిడి కొలవాలి. ఫిల్టరు, సన్న పైపు, హోసులు చూశాకే షాఫ్టు పట్టుకోవాలి. షెడ్డులో తొందరున్నప్పుడు ఈ వరస తారుమారు అవుతుంది, ఖరీదైన భాగం మీదే అందరి చూపూ ముందు పడుతుంది కాబట్టి.

రెండూ కొత్తవి వేసి బండి దించే రోజున తప్పులు మరో రెండు జరుగుతుంటాయి. కొత్త ఫేసింగు ముఖం ఫ్లైవీల్ ముఖంతో పూర్తిగా కలవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా తాకేది కొంత భాగమే, ఆ భాగం మీదే వేడంతా పడుతుంది, కాబట్టి మొదటి ట్రిప్పే నిండు లోడుతో కాటా క్యూలో పెట్టకూడదు. కొత్త టర్బో బేరింగులో ఆయిల్ చుక్క కూడా ఉండదు. పై పైపు విప్పి చేత్తో ఆయిల్ పోసి షాఫ్టు తిప్పాలి. ఆపైన స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, ఇంజను అంటుకోకుండా సెల్ఫ్ కొట్టాలి. ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచాకే కేబుల్ వదలాలి, స్టార్టయిన తర్వాత కూడా కాసేపు యాక్సిలరేటరు ముట్టుకోకూడదు.